పెండ్లిమర్రి దగ్గర ఆగిన పట్టాలు, హైదరాబాద్–బెంగళూరు హైస్పీడ్ రైలు: బెంగళూరు నుంచి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ గారికి,
రైల్వే సహాయ మంత్రి వి. సోమన్న గారికి,
ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తెలంగాణ ముఖ్యమంత్రిగార్లకు,

నమస్కారం.

నేను అనంతపురం జిల్లా నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడ్డాను. మారతహళ్లిలో ఉంటాను. ఇక్కణ్నుంచి కె.ఆర్. పురం, మహదేవపుర, బెళ్లందూరు, బొమ్మనహళ్లి, ఎలక్ట్రానిక్ సిటీ దాకా ఏ వీధిలోకి వెళ్లినా తెలుగు వినబడుతుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసేవాళ్లు, పీజీలు నడిపేవాళ్లు, అపార్ట్‌మెంట్లలో వంటపని, సెక్యూరిటీ పని చేసేవాళ్లు, కొత్తగా లేస్తున్న భవనాల పక్కన రేకుల షెడ్లలో ఉంటూ సెంట్రింగ్ పని చేసేవాళ్లు. వీళ్లలో చాలామందికి ఊళ్లో అమ్మానాన్నలున్నారు, కాస్తో కూస్తో పొలముంది, రేషన్ కార్డు, ఓటు అక్కడే ఉన్నాయి. ఊరికి పోయి రావడం మాకు తప్పని పని.

ఊరెళ్లే రైళ్ల గురించి మేము కొందరం కలిసి ఒక రైల్వే కార్యాలయంలో వినతిపత్రం ఇచ్చాం. ముద్ర వేసి రసీదు ఇచ్చారు. మళ్లీ వెళ్లి అడిగితే పైకి పంపామన్నారు. పైనుంచి ఏ జవాబూ రాలేదు. అందుకే ఇప్పుడు మీకు నేరుగా, అందరూ చదివేలా రాస్తున్నాను.

2026-27 కేంద్ర బడ్జెట్‌లో ఏడు హైస్పీడ్ రైలు కారిడార్లు ప్రకటించారు. అందులో హైదరాబాద్–బెంగళూరు, హైదరాబాద్–చెన్నై, చెన్నై–బెంగళూరు ఉన్నాయి. పుణె–హైదరాబాద్ కూడా కలిపితే ఏడింటిలో నాలుగు తెలుగువాళ్లు తిరిగే దారులే. ఆ రోజు నుంచి మా ఆఫీసుల్లో, టీ కొట్ల దగ్గర, కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఇదే చర్చ. పొద్దున హైదరాబాద్ వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చని సంబరపడేవాళ్లు కొందరు. లక్షల కోట్లు తగలేయడానికేనని కొట్టిపారేసేవాళ్లు కొందరు.

హైస్పీడ్ రైలు వద్దని నేను అనడం లేదు. జపాన్ 1964 అక్టోబరులో టోక్యో–ఒసాకా మధ్య 515 కి.మీ. షింకన్‌సెన్ ప్రారంభించింది. అప్పటికే ఉన్న లైను రైళ్లతో నిండిపోయి, కొత్త రైలు వేయడానికి చోటు లేకపోవడమే దానికి పెద్ద కారణం. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై మధ్య కూడా అలాంటి లైను ఒకటి కావాల్సిందే. విమానాల మీద, డీజిల్ బస్సుల మీద ఆధారపడటం తగ్గుతుంది. అది అందరికీ మంచిదే.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. ఈ దారుల్లో ఎప్పుడో మంజూరై, శంకుస్థాపనలై, సగంలో ఆగిన పనులున్నాయి. వాటికి డబ్బూ గడువూ చూపించకుండా హైస్పీడ్ లైనుకు భూమి కొలవడం న్యాయం కాదు. ముందు పాత బాకీ తీర్చండి. రెండూ ఒకేసారి చేయగలమంటే రెండింటినీ ఒకే పట్టికలో పెట్టి, ఏది ఏ నెలకు పూర్తవుతుందో రాసివ్వండి.

పాత బాకీ అంటే ఏమిటో చెబుతాను.

కడప–బెంగళూరు కొత్త రైల్వే లైను 2008-09లో మంజూరైంది. సుమారు 255 కి.మీ. రాయచోటి, మదనపల్లె మీదుగా కర్ణాటకలోకి దిగి కోలారు వైపు రావాలి. ఖర్చులో సగం రైల్వేది, సగం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానిది. ఇన్నేళ్లలో పూర్తయింది కడప నుంచి పెండ్లిమర్రి దాకా, 21 కి.మీ. పైచిలుకు. అక్కడితో ఆగిపోయింది. రాష్ట్రం తన వాటా జమ చేయలేదని రైల్వే చెబుతూ వచ్చింది. మధ్యలో అసలు మార్గమే మార్చాలన్న ప్రతిపాదన వచ్చింది. ప్రభుత్వాలు మారాయి, మంత్రులు మారారు, లైను మాత్రం పెండ్లిమర్రి దాటలేదు. మంజూరైన ఏడాది పుట్టిన పిల్లలు ఇప్పుడు ఇంటర్ అయిపోయి ఇంజనీరింగ్ కాలేజీల్లో చేరుతున్నారు, వాళ్లలో కొందరు బెంగళూరుకే వస్తున్నారు. రాయచోటికి ఈనాటికీ రైలు లేదు. మదనపల్లె పేరుతో ఒక స్టేషన్ ఉన్నా అది పట్టణానికి దూరంగా ఉంది. మదనపల్లె మార్కెట్ నుంచి బెంగళూరుకు, చెన్నైకి వెళ్లే టమాటా అంతా లారీల మీదే. డీజిల్ ధర పెరిగినప్పుడల్లా ఆ భారం పడేది రైతు మీద, ఇక్కడ కొనుక్కునే మా మీద.

రాయదుర్గం–తుమకూరు లైను 2007-08 నాటిది. 207 కి.మీ. కళ్యాణదుర్గం, మడకశిర, పావగడ, మధుగిరి లాంటి కరువు ప్రాంతాల మీదుగా వెళ్లే లైను ఇది. వేరుశనగ ఎండిపోయిన ఏడాది ఇళ్లకు తాళాలు వేసి బెంగళూరుకు కూలికొచ్చేది ఈ ఊళ్ల నుంచే. రాయదుర్గం వైపు కొంత భాగం పూర్తయింది. సోమన్న గారు తుమకూరు ఎంపీ కూడా కాబట్టి ఈ లైను మీద శ్రద్ధ పెట్టారు, అందుకు కృతజ్ఞతలు. కానీ రెండు చివరలూ కలిసేదాకా ఈ లైను బెంగళూరుకు వచ్చే కూలీకి పనికిరాదు.

ఇక బెంగళూరు సబర్బన్ రైలు. 1980ల నుంచి మాట్లాడుతున్న ఈ పథకానికి 2020 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం ఇచ్చింది. నాలుగు కారిడార్లు, 148 కి.మీ., అంచనా 15,767 కోట్ల రూపాయలు. 2022 జూన్ 20న ప్రధానమంత్రి శంకుస్థాపన చేసి, 40 నెలల్లో ఈ కల నెరవేరుస్తామన్నారు. ఆ 40 నెలలు 2025 అక్టోబరుకే దాటిపోయాయి. ఒక్క కారిడార్‌లోనూ రైలు నడవలేదు. ఇదే నగరంలో హెబ్బాళ నుంచి సిల్క్ బోర్డు దాకా 16 కి.మీ. పైచిలుకు సొరంగ రోడ్డుకు 17 వేల కోట్ల పైన అంచనా వేశారు. 148 కిలోమీటర్ల రైలు మొత్తం ఖర్చు కంటే కార్లు పోయే ఆ సొరంగం ఖర్చు ఎక్కువ. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడమని కర్ణాటక ముఖ్యమంత్రిగారిని ప్రత్యేకంగా కోరుతున్నాను.

ముంబై–అహ్మదాబాద్ బుల్లెట్ రైలు సంగతీ చూద్దాం. అది 508 కి.మీ. 2017 సెప్టెంబరు 14న శంకుస్థాపన. తొలి అంచనా లక్షా 8 వేల కోట్లు. అందులో 81 శాతం జపాన్ అప్పు, వడ్డీ 0.1 శాతం, 50 ఏళ్ల గడువు. అంత చవకగా అప్పు దొరికినా, మహారాష్ట్రలో భూసేకరణ ఏళ్లపాటు తెమలక, మొదట చెప్పిన గడువులన్నీ దాటిపోయాయి. ఖర్చు కూడా తొలి అంచనాను మించిపోయింది. తొలి అంచనానే పట్టుకున్నా కిలోమీటరుకు 212 కోట్ల పైమాటే. హైదరాబాద్–బెంగళూరు రోడ్డు దూరం 570 కి.మీ. పైచిలుకు. అదే లెక్కన వేసుకుంటే లక్షా 20 వేల కోట్లు. ఈసారి అప్పు ఎవరిస్తారు, ఏ వడ్డీకి, ఎవరు తీరుస్తారు? మాకు ఎవరూ చెప్పలేదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ముంబై–అహ్మదాబాద్ లైను పట్టాల మధ్య దూరం 1,435 మిల్లీమీటర్లు. మన మామూలు రైళ్లు నడిచే బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు. ఇక్కడా అదే పద్ధతిలో కడితే శేషాద్రి ఎక్స్‌ప్రెస్ గానీ, ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ గానీ, గూడ్సు బండి గానీ ఆ పట్టాల మీదికి రాలేవు. ఆ లక్ష కోట్ల పైచిలుకు డబ్బుతో వచ్చే లైను అందులో టికెట్ కొనగలిగిన వాళ్లకే పనికొస్తుంది. టికెట్ ఎంతుంటుంది? ముంబై లైనుకు ఫస్ట్ ఏసీ చార్జీని ప్రాతిపదికగా తీసుకుంటామని మంత్రిగారే చెప్పారు. నా పక్కింటి సాఫ్ట్‌వేర్ అబ్బాయి అది పెట్టుకోగలడు. మా వీధి చివర కట్టే భవనంలో ఇటుకలు మోసే కదిరి దంపతులు పెట్టుకోలేరు.

ఆ దంపతుల లాంటివాళ్లు ఇప్పుడు ఎలా ప్రయాణిస్తున్నారో మీరు దగ్గర నుంచి చూడాలి. సంక్రాంతికి ముందు యశ్వంత్‌పూర్‌లో రైలు ప్లాట్‌ఫామ్ మీదికి ఇంకా పూర్తిగా రాకముందే జనరల్ బోగీ తలుపుల దగ్గర తోపులాట మొదలవుతుంది. కిటికీలోంచి ముందు పిల్లల్ని, తర్వాత సంచుల్ని లోపలికి అందిస్తారు. ఈసారి నేను ఎక్కిన బోగీలో మరుగుదొడ్డి తలుపుకు ఆనుకుని రెండు బియ్యం బస్తాల మీద ఒక ఆడమనిషి చంటిబిడ్డతో కూర్చుంది. ఎవరు లోపలికి వెళ్లాలన్నా ఆమె బిడ్డనెత్తుకుని లేవాలి, బస్తా పక్కకు లాగాలి, వాళ్లు బయటికొచ్చాక మళ్లీ కూర్చోవాలి. హిందూపురం వచ్చేసరికి ఆమె ఇక కూర్చోవడం మానేసింది. బిడ్డను భుజం మీద వేసుకుని అలాగే ధర్మవరం దాకా నిలబడింది. సీటిద్దామన్నా ఆమె ఉన్న చోటికి మనిషి వెళ్లే దారి లేదు.

రిజర్వేషన్ చేయించుకోవచ్చు కదా అంటారు. 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందు మాత్రమే బుకింగ్ తెరుస్తున్నారు. దాన్ని నేను తప్పుపట్టను. కానీ కూలీకి సెలవు ఇచ్చేది మేస్త్రీ. అది 60 రోజుల ముందు తెలియదు, ఆరు రోజుల ముందు తెలిస్తే గొప్ప. తత్కాల్‌కు ఆధార్ ధ్రువీకరణ పెట్టారు, దళారులను ఆపడానికి అది మంచిదే. అయినా పండగ ముందు నిమిషాల్లో వెయిటింగ్ లిస్టు వస్తోందంటే అసలు కొరత సీట్లదే. సీటు దొరకనివాళ్లు మడివాళకో, ఆనందరావు సర్కిల్‌కో వెళ్లి ప్రైవేటు బస్సు ఎక్కుతారు. పండక్కి ఆ టికెట్ మామూలు ధరకు రెండింతలు, మూడింతలు. అది కూడా లేనివాడు ఊరెళ్లడు.

ఇవన్నీ చూసిన తర్వాత అడుగుతున్నవి ఇవి. ఏవీ గొంతెమ్మ కోరికలు కావు. చాలావాటికి మీ శాఖ దగ్గర ఫైళ్లు ఇప్పటికే ఉన్నాయి.

1. రాత్రి రైళ్లు. 2013 అక్టోబరు 30న బెంగళూరు నుంచి హైదరాబాద్ వెళ్తున్న బస్సు మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర తగలబడి 45 మంది చనిపోయారు. పన్నెండేళ్ల తర్వాత, 2025 అక్టోబరు 24న, హైదరాబాద్ నుంచి బెంగళూరు వస్తున్న బస్సు కర్నూలు దగ్గర చిన్నటేకూరులో బైకును ఢీకొని కాలిపోయింది. పందొమ్మిది మంది ప్రయాణికులు నిద్రలోంచి బయటపడలేకపోయారు. రెండూ ఒకే జాతీయ రహదారి మీద, రెండూ తెల్లవారుజామున, రెండూ ఈ రెండు నగరాల మధ్యే. బస్సుల తనిఖీలు, అత్యవసర ద్వారాలు, డ్రైవర్ల విశ్రాంతి సంగతి రవాణా శాఖలు చూడాలి. రైల్వే చేయగలిగింది వేరే ఉంది. ఆఫీసు నుంచి, పని నుంచి వచ్చాక ఎక్కగలిగేలా రాత్రి 9, 10 గంటల మధ్య బెంగళూరులో బయలుదేరి, అనంతపురం, కర్నూలు మీదుగా హైదరాబాద్ చేరే రైలును రోజూ నడపండి. ఇంకొకటి తిరుపతి, విజయవాడ వైపు. ఆ రైళ్లు వస్తే ఆ రోడ్డు మీద రాత్రిపూట ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పోయేవాళ్లలో కొంతమందైనా తగ్గుతారు. చిన్నటేకూరు తర్వాత మా ఇంట్లో అమ్మ రాత్రి బస్సు ఎక్కొద్దని ఒట్టు వేయించుకుంది. ఇలాంటి టెన్షన్ ఇక్కడ ప్రతి తెలుగు ఇంట్లోనూ ఉంది.

2. ఏసీ లేని బోగీలు. కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందే భారత్ 2023 సెప్టెంబరులో మొదలైంది. మంచి రైలు. కానీ అందులో మొత్తం ఏసీ చైర్‌కార్లే. అదే ఏడాది డిసెంబరు 30న ఏసీ లేని అమృత్ భారత్ రైళ్లు మొదలుపెట్టినప్పుడు, మొదటి రెండింటిలో ఒకటి మాల్దా టౌన్ నుంచి మన బెంగళూరుకే వేశారు. బెంగాల్ కూలీలకు అది అవసరమే, సంతోషం. అలాంటిదే బెంగళూరు–సికింద్రాబాద్ మధ్య, బెంగళూరు–విశాఖపట్నం మధ్య రోజూ కావాలి. ఇప్పుడున్న రైళ్లకు జనరల్, స్లీపర్ బోగీలు తగ్గించకుండా ఉంచండి, పెంచగలిగిన చోట పెంచండి. సంక్రాంతి, ఉగాది, దసరా ప్రత్యేక రైళ్లను కనీసం నెల ముందు ప్రకటించండి. ప్రత్యేక రైలు పేరుతో జనరల్, స్లీపర్ ప్రయాణికుల మీద అదనపు చార్జీ వేయకండి.

3. కవచ్. 2012 మే 22న పెనుకొండ స్టేషన్‌లో ఆగి ఉన్న గూడ్సును హంపి ఎక్స్‌ప్రెస్ ఢీకొని పాతికమంది దాకా చనిపోయారు. రైలు సిగ్నల్ దాటి వచ్చేసింది. సరిగ్గా అలాంటప్పుడు తనంతట తానే బ్రేకు వేసేదే కవచ్. దాన్ని తొలుత పెట్టింది దక్షిణ మధ్య రైల్వేలోనే, 1,465 కి.మీ. మేర. బెంగళూరు–పెనుకొండ–ధర్మవరం–గుంతకల్లు మార్గంలోనూ, బెంగళూరు–జోలార్‌పేట మార్గంలోనూ కవచ్ ఎక్కడిదాకా వచ్చింది, మిగిలిన భాగం ఎప్పుడు పూర్తవుతుంది అనే వివరాలు స్టేషన్ల వారీగా ప్రకటించండి.

4. ఉన్న లైనులో వేగం. ఆ వందే భారత్‌నే తీసుకుందాం. సుమారు 610 కిలోమీటర్లకు ఎనిమిది గంటలకు పైగా పడుతోంది. సగటున గంటకు 75 కి.మీ. లోపే. 160 కి.మీ. వేగంతో పోగల రైలు ఇది. ఆపుతున్నది లైను. మహబూబ్‌నగర్–డోన్ మధ్య రెండో లైనుకు 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం ఇచ్చింది. దాన్ని పూర్తిచేసి, వంపులు సరిచేసి, లెవెల్ క్రాసింగులు తీసేసి, పట్టాలకు ఇరువైపులా కంచె వేసి, సిగ్నళ్లు మార్చితే ఈ రైలే కాదు, దాని వెనక వచ్చే ప్రతి రైలూ తొందరగా చేరుతుంది. జనరల్ బోగీలో నిలబడి పోయే మనిషికి కూడా రెండు గంటలు మిగులుతాయి. ఈ పనికి ఎంత ఖర్చవుతుందో, ఎంత సమయం మిగులుతుందో లెక్కకట్టి, హైస్పీడ్ లైను లెక్క పక్కన పెట్టి ప్రజలకు చూపించండి.

5. కడప–బెంగళూరు, రాయదుర్గం–తుమకూరు. ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగారు హైదరాబాద్, అమరావతి, చెన్నై, బెంగళూరులను కలిపే బుల్లెట్ రైలు గురించి 2025లోనే మాట్లాడారు. అంతకంటే ముందు నుంచి ఉన్న కడప లైనులో రాష్ట్ర వాటా ఎంత జమ అయింది, ఎంత బాకీ ఉంది, మార్గం పాతదేనా మారిందా అన్నది రైల్వే శాఖ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఒకే కాగితం మీద సంతకం పెట్టి చెప్పాలి. రెండు లైన్లకూ ఏటా ఎంత డబ్బు ఇస్తారో, ఏ సంవత్సరం ఏ ఊరిదాకా వస్తారో ప్రకటించాలి. 2025-26 బడ్జెట్‌లో రైల్వేకు 2 లక్షల 52 వేల కోట్ల మూలధన వ్యయం కేటాయించారు. అంత డబ్బులో ఈ రెండు లైన్లకు చోటు లేదంటే మేము నమ్మలేం.

6. బెంగళూరు లోపలి రైలు. కుప్పం, బంగారుపేట, మాలూరు, హిందూపురం నుంచి తెల్లవారుజామున పాసింజరు బండి ఎక్కి రోజూ బెంగళూరుకు పనికి వచ్చేవాళ్లున్నారు. నిమ్హాన్స్‌కు, కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రికి, వైట్‌ఫీల్డ్ సత్యసాయి ఆసుపత్రికి రాయలసీమ నుంచి వచ్చే రోగులున్నారు. వాళ్ల బండి నగరం అంచుకు వచ్చాక ముందు ఎక్స్‌ప్రెస్‌కు, తర్వాత గూడ్సుకు దారిచ్చి ఆగిపోతుంది. పది గంటల ఓపీ చీటీ తప్పిపోతే రోగి ఆ రాత్రి ఆసుపత్రి బయట పడుకోవాల్సిందే. కంటోన్మెంట్–వైట్‌ఫీల్డ్ మధ్య నాలుగు లైన్ల పని, సబర్బన్ కారిడార్ల పని ఎందుకు ఆలస్యమయ్యాయో, కొత్త గడువేమిటో కేంద్రం, కర్ణాటక కలిసి చెప్పాలి. ఒకరి మీద ఒకరు నెట్టుకోవద్దు. ఇంకో మాట. 2022 జూన్‌లో బైయప్పనహళ్లి దగ్గర విశ్వేశ్వరయ్య టెర్మినల్ తెరిచారు. ఆంధ్ర వైపు రైళ్లు కొన్ని అక్కడి నుంచే నడుస్తున్నాయి. టెర్మినల్ బాగుంది. కానీ బైయప్పనహళ్లి పేరుతోనే మెట్రో స్టేషన్ ఉన్నా, తెల్లవారుజామున దిగిన కుటుంబం మూటాముల్లెతో అక్కడికి చేరడం పెద్ద పని. ఆటోవాళ్లు అడిగినంత ఇవ్వాలి. రేపు హైస్పీడ్ స్టేషన్‌ను దేవనహళ్లి దగ్గరో, ఇంకెక్కడో ఊరవతల కడితే హైదరాబాద్ నుంచి రెండు గంటల్లో వచ్చి, అక్కణ్నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి ఇంకో రెండున్నర గంటలు పట్టవచ్చు. మెట్రో, సబర్బన్, బస్సు కలవని చోట స్టేషన్ పెట్టకండి.

7. భూమి. రైతుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. కొత్త లైన్లు అనంతపురం, చిత్తూరు, కోలారు, చిక్కబళ్లాపుర లాంటి జిల్లాల్లోంచే రావాలి. చిత్తూరు, కోలారు రైతులు ఇప్పటికే 262 కి.మీ. బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వేకు భూములిచ్చారు. బెంగళూరు విమానాశ్రయం దాపున దేవనహళ్లి తాలూకాలో 1,777 ఎకరాల సేకరణకు వ్యతిరేకంగా రైతులు ఏళ్ల తరబడి కూర్చుంటే, 2025 జూలైలో కర్ణాటక ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఈ ప్రాంతంలో బోరు వేసి నీళ్లు పడిన ఎకరం అంటే ఒక కుటుంబానికి బతుకుదెరువు. లైను పొలాన్ని అడ్డంగా కోసేస్తే బోరు ఒకవైపు, చేను ఒకవైపు మిగులుతాయి. ఆ మిగిలిన ముక్కను ఎవరూ కొనరు. 2013 భూసేకరణ చట్టం గ్రామీణ భూమికి మార్కెట్ విలువను ఒకటి నుంచి రెండు రెట్లదాకా లెక్కకట్టే గుణకాన్ని రాష్ట్రాలకు వదిలింది. దానిమీద నూరు శాతం పరిహారం కలుస్తుంది. ఆంధ్రప్రదేశ్ ఈ గుణకాన్ని 1.25గానే పెట్టుకుంది. ఒకే లైనుకు భూమి ఇచ్చిన రైతులకు సరిహద్దుకు ఇటు ఒక లెక్క, అటు ఒక లెక్క ఉండకూడదు. మూడు రాష్ట్రాల్లోనూ గుణకం రెండే ఉండాలి. సర్వే రాళ్లు పాతకముందే గ్రామసభ పెట్టి, తెలుగులో, కన్నడలో మ్యాపు చూపించాలి. కౌలు రైతును, పొలంలో కూలి చేసుకునేవాణ్ని కూడా నష్టపోయినవాళ్ల లెక్కలో చేర్చాలి. కోసేసిన పొలాలకు అండర్‌పాస్, పైపు దారి లైనుతోపాటే కట్టాలి, తర్వాత చూద్దామంటే కుదరదు.

8. హైస్పీడ్ లైను లెక్కలు. సమగ్ర ప్రాజెక్టు నివేదికను టెండర్లకు ముందే బయటపెట్టండి. అందులో ఇవి ఉండాలి: ఏయే ఊళ్లలో ఆగుతుంది, టికెట్ ఎంత, రోజుకు ఎంతమంది ఎక్కుతారని అంచనా, అంతమంది ఎక్కకపోతే నష్టం ఎవరు భరిస్తారు, అప్పు ఎవరిది, మామూలు రైళ్ల డబ్బులోంచి ఏమైనా మళ్లిస్తారా. కర్నూలు, అనంతపురంలో ఆగని రైలుకు కర్నూలు, అనంతపురం రైతు భూమి ఎందుకివ్వాలి? ఈ రెండు చోట్లా స్టేషన్ ఉండాలి, అదీ పాత రైల్వే స్టేషన్‌కు అందుబాటులో ఉండాలి.

హైస్పీడ్ రైలు కోసం ఎదురుచూస్తున్న నా ఆఫీసు మిత్రులతో ఒక మాట. మీ కోరిక తప్పు కాదు. కానీ పై ఎనిమిది అడక్కుండా ఊరికే చప్పట్లు కొడితే ముంబై లైనులాగే ఇదీ ఏళ్ల తరబడి స్తంభాల దగ్గరే ఉండిపోతుంది. భూమి పరిహారం ముందే తేలితే, నివేదిక ముందే బయటికొస్తే మీ రైలే తొందరగా వస్తుంది. అసలు వద్దనేవాళ్లకు కూడా ఒకటి చెప్పాలి. ఈ లైను కట్టకపోతే ఆ డబ్బు నేరుగా పెండ్లిమర్రికి వెళ్తుందన్న హామీ ఎవరూ ఇవ్వలేదు. అది కూడా అడిగి రాబట్టుకోవాల్సిందే.

మంత్రిగారూ, ముఖ్యమంత్రిగార్లూ, ఈ ఎనిమిదింటికీ అంశాల వారీగా మూడు నెలల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వమని కోరుతున్నాను. ఆ జవాబును తెలుగులోనూ, కన్నడలోనూ బెంగళూరు, యశ్వంత్‌పూర్, హిందూపురం, అనంతపురం, కడప, కుప్పం స్టేషన్లలో నోటీసు బోర్డు మీద అంటించండి. ఏదైనా చేయలేకపోతే చేయలేమని, ఎందుకు చేయలేమో కూడా రాయండి. ఆ సంగతి తెలిస్తే మా ప్రయత్నం మేము చేసుకుంటాం.

ఈ లేఖ ప్రతులను అనంతపురం, హిందూపురం, కడప, రాజంపేట, చిత్తూరు, కర్నూలు, నంద్యాల ఎంపీలకు, బెంగళూరు, కోలారు, చిక్కబళ్లాపుర, తుమకూరు ఎంపీలకు పంపుతున్నాను. వచ్చే పార్లమెంటు సమావేశాల్లో కడప–బెంగళూరు లైను మీద, బెంగళూరు–ధర్మవరం మార్గంలో కవచ్ మీద ప్రశ్నలు వేయమని వాళ్లందరికీ విన్నవించుకుంటున్నాను. మూడు నెలల్లో జవాబు రాకపోతే ఇవే ప్రశ్నలను సమాచార హక్కు చట్టం కింద విడివిడిగా అడుగుతాం. వచ్చిన సమాధానాలను ఊరూరా చదివి వినిపిస్తాం.

ఇట్లు,
మారతహళ్లి, బెంగళూరు నుంచి
అనంతపురం జిల్లాకు చెందిన ఒక రైలు ప్రయాణికుడు